చప్పుడు లేని బండి

డిటెక్టివ్‌నని చెబితే సూరత్‌లో గేటు కూడా తెరవరు. బండి కొంటామని చెబితే చాయ్ తెప్పించి మరీ కాగితాలు ముందు పెడతారు. అందుకని ఆ మధ్యాహ్నం నేను డిటెక్టివ్ స్వరాజ్యాన్ని కాను. చెల్లెలికి సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వచ్చిన అక్కను, ప్రతిదానికీ నస పెట్టే అక్కను. నస పెట్టడం నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు కాబట్టి వేషం కోసం పెద్దగా కష్టపడలేదు.

చెల్లెలి వేషం హారతిది. ఇచ్ఛాపూర్‌లో ఓ ఫ్యాక్టరీ స్టాఫ్ వ్యాను నడుపుతుంది. మామూలుగా గలగలా మాట్లాడే పిల్ల ఆ రోజు సచిన్‌లో పాత కార్ల యార్డు వచ్చేదాకా నోరు విప్పలేదు. విప్పి ఏం మాట్లాడుతుంది? మేము చూడబోతున్న కారులోనే పోయిన నెల వాళ్ల నాన్న ఆగయ్య చచ్చిపోయాడు.

ఆగయ్య బతుకంతా సాంచాల మీదే గడిచింది. పవర్‌లూమ్‌ని సూరత్‌కు వలసొచ్చిన మావాళ్లు సాంచా అంటారు. ఆ మోతలో ముప్పై ఏళ్లు నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. చేతులు కూడా వణకడం మొదలయ్యాక వడోద్‌లో శ్యాంసుందర్ సేటు నూలు గోడౌన్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఓ వాన రాత్రి హారతి అన్నం డబ్బా ఇచ్చి వచ్చింది. పొద్దున చూసేసరికి, మూసిన షట్టర్ లోపల, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే సేటు పాత హైబ్రిడ్ కారు వెనక సీట్లో ప్రాణం లేకుండా పడున్నాడు. పక్కన ఖాళీ సారా ప్యాకెట్లు. సేటుకు తెలిసిన డాక్టరొకడు గుండె ఆగిందని రాసిచ్చాడు. మద్యనిషేధం ఉన్న రాష్ట్రం, సారా సంగతి బయటపడితే పోలీసు కేసని భయపెట్టి, మధ్యాహ్నానికల్లా దహనం కూడా చేయించేశారు.

హారతి నా ఆఫీసుకొచ్చి అడిగింది ఒక్కటే.

"మా బాపుకు సారా వాసనే పడదక్కా. పక్కింట్ల ఎవలన్న తాగొస్తే గొంగడి మూతికి అడ్డం వెట్టుకునేటోడు. గసొంటోన్ని వడోద్ అంత తాగి సచ్చిండంటున్రు. మా అవ్వ గూడ నోరు మెదుపుతలేదు. ఎట్ల సచ్చిండో నాకు జెప్పు, సాలు."

సేటును అడిగితే బండి తాళమే గోడౌన్‌లో లేదని కసిరి తరిమేశాడు. పోలీసులు కేసే లేదన్నారు. అంతలో ఆ కారు అమ్మకానికి వచ్చిందని తెలిసింది. పాత కారు అమ్మాలంటే ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఉండాలి. మనుషులు చెప్పని సంగతి మిషన్ చెబుతుందేమోనని బయల్దేరాను.

యార్డు నడిపే సాయికుమార్ మావాడే. తాతలు సిరిసిల్ల నుంచి వచ్చారట. అతను మాత్రం ఇక్కడే పుట్టి పెరిగాడు. నాలుక మీద మూడు భాషలు ఒకేసారి ఆడుతుంటాయి.

"ఆవో మేడమ్, బైఠో. హైబ్రిడ్ అంటే ఇదే తీసుకోండ్రి. ఏక్‌దమ్ ఫ్యామిలీ గాడీ. రేటింగ్ చూడున్రి, పదికి తొమ్మిది!" అంటూ ప్లాస్టిక్ కవర్లో పెట్టిన రిపోర్టు నా ముందుకు తోశాడు.

రేషన్ షాపులో బియ్యం కూడా ఏరి చూసుకునే జనం, కారు దగ్గరికి వచ్చేసరికి మొదటి పేజీలో నక్షత్రాలు చూసి మురిసిపోతారు. నేను పదేళ్లు ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా చచ్చాను. మొదటి పేజీ అమ్మేవాడి కోసం రాస్తారని నాకు తెలుసు. నేరుగా చివరి పేజీకి వెళ్లాను.

"పెయింట్ బాగుంది, సీట్లు బాగున్నయి, మ్యూజిక్ బాగుంది. బ్యాటరీ సంగతేంది?" అన్నాను.

"అదిగో మేడమ్, 'సంతృప్తికరం' అని రాసినం గదా."

"ఎవలికి సంతృప్తి? నీకా, నాకా? హైబ్రిడ్ బ్యాటరీ అంటే ఒక్క డబ్బా కాదు, లోపల శానా గడులుంటయి. ఒక్కో గడికి ఎంత వోల్టేజీ వచ్చిందో స్కానర్ల తీస్తరు. గా లెక్క ఏది?"

కొనడానికి వచ్చిన అక్కలెవరూ ఆ మాట అడిగి ఉండరు.

"ఇంకో మాట. ఈ మూలకు చిన్నక్షరాలల్ల 'రెండో తనిఖీ' అని ఉంది. మరి మొదటిదేది?"

"వో పురానా హై మేడమ్. దాంతోని పనేంది?"

"రెండు పక్కపక్కన వెడితేనే బండి నడక తెలుస్తది తమ్మీ. తేకపోతే చెప్పు, ఉద్నాల ఇంకో యార్డుంది."

లేచి నిలబడ్డాను. హారతి కూడా లేచింది. బేరం చేజారుతుందంటే ఈ ఊళ్లో ఎవరి ప్రాణమైనా విలవిల్లాడుతుంది. సాయికుమార్ గొణుక్కుంటూ లోపలికెళ్లి మొదటి రిపోర్టు, స్కానర్ కాగితాలు తెచ్చి బల్ల మీద పడేశాడు.

మొదటి తనిఖీ ఆగయ్య చావుకు కొన్ని రోజుల ముందు జరిగింది. శ్యాంసుందర్ సేటు కొత్త కారు కొనుక్కుని, పాతది అమ్మితే ఎంత వస్తుందో చూద్దామని చేయించాడు. ఆ తర్వాత ఇది గోడౌన్ దగ్గరే పడి ఉంది. రెండోది చావు తర్వాత, బండి ఈ యార్డుకు వచ్చిన రోజు చేశారు. నడిచిన దూరం రెండింట్లోనూ దాదాపు ఒకటే. అంటే మధ్యలో ఈ బండి ఎక్కడికీ పోలేదు.

వేలు పెట్టి ఒక్కో గీతా చదువుకుంటూ పోయాను. మొదటిసారి ట్యాంకులో రెండు గీతల పెట్రోలుంది. రెండోసారి చుక్క లేదు. ఎక్కడికీ పోని బండి పెట్రోలెలా తాగింది?

ఎవడైనా పైపు పెట్టి లాగేసి ఉండొచ్చు. తొందరపడకూడదని నన్ను నేనే తిట్టుకుని స్కానర్ కాగితం తీశాను. ఇంజన్ మొత్తం ఎంతసేపు నడిచిందో అది చెబుతుంది. ముందటి లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య ఒక రాత్రికి సరిపడా తేడా కనిపించింది. బండి అంగుళం కదల్లేదు, ఇంజన్ మాత్రం రాత్రంతా నడిచింది.

"సాయీ, బండి ఈడికి ఎట్లొచ్చింది? నడుపుకుంట తెచ్చిన్రా?"

"నై, టోయింగ్ మీద వచ్చింది. పెట్రోల్ ఖతం. మేమే క్యాన్‌తోని పోసినం."

"బ్యాటరీల రెండు గడులు పడిపోయి ఉన్నయి, చూసినవా? మొదటి దాంట్ల గూడ ఉన్నయి. దీన్ని 'సంతృప్తికరం' అని రాసిన చెయ్యి ఏది?"

"మేడమ్, బండి నడుస్తది గదా..."

"నడుస్తది. బలంలేని బ్యాటరీ జల్ది దిగుతది, దిగినప్పుడల్లా ఏమైతది?"

"ఇంజన్ దానంతట అదే స్టార్ట్ ఐతది. బ్యాటరీ నిండంగనే మళ్ల ఆగుతది. హైబ్రిడ్ అంటే అంతే గదా మేడమ్."

"బండి నిలవడి ఉంటే గూడనా?"

"ఆ. చాలూల ఉంటే, బంద్ చెయ్యకుంటే, నిలవడి ఉన్నా అంతే."

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఈ బండి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. పక్కన నిలబడ్డవాడికి కూడా బండి బంద్ అయిందనే అనిపిస్తుంది. ఇక సాంచాల మోతలో చెవులు పోగొట్టుకున్న మనిషి సంగతి చెప్పేదేముంది? మావాళ్లకు మిషన్ లెక్క ఒక్కటే. మోత ఉంటే నడుస్తున్నట్టు, మోత లేకపోతే ఆగినట్టు. మూసిన షట్టర్ లోపల ఆ బండి రాత్రంతా లేస్తూ పడుకుంటూ పొగ వదిలి ఉంటుంది. ఆగయ్య దాని పొట్టలోనే నిద్రపోయాడు.

హారతి మొహం చూడబుద్ధి కాలేదు. తల వంచుకుని రిపోర్టులోకే చూశాను. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను సందు వెనక సీటు పక్కనుంటుంది. మొదటిసారి అక్కడ 'శుభ్రం' అని రాశారు. రెండోసారి 'ఎర్రటి దూది, పోగులు తీసేశాం' అని ఉంది.

"బండి చూద్దాం పా," అన్నాను.

షెడ్డు కింద తెల్లటి కారు తళతళా కడిగి పెట్టారు. వెనక తలుపు తీశాను. లోపల అగరొత్తుల వాసన గుప్పుమంది. దేన్ని కప్పిపెట్టడానికి అన్ని వెలిగించారో నాకు తెలుసు. మోకాళ్ల మీద కూర్చుని ఫ్యాను సందు జాలీలో పిన్నీసు పెట్టి తవ్వాను. కడిగేవాడి చేయి లోపలి దాకా పోలేదు. ఎర్రటి పోగు ముద్ద ఒకటి బయటికొచ్చింది.

హారతి దాన్ని నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. వేళ్ల మధ్య నలిపి చూసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"మా అవ్వ కుట్టిన బొంత అక్కా ఇది. ఎర్ర చీర పైకేసి కుట్టింది. బాపు ఎటు వోయినా గిదే కప్పుకునేటోడు."

"గట్టిగ ఏడవకు. వాడు చూస్తుండు," అన్నాను.

తాగి పడిపోయినవాడు బొంత తెచ్చుకుని, పరుచుకుని, సరిగ్గా కప్పుకుని పడుకోడు. ఆగయ్య తెలివిగా ఉండి, నిద్రకోసమే ఆ సీట్లో పడుకున్నాడు. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. బండిని ఆన్‌లో పెట్టిందెవరు?

సాయికుమార్ మా వెనకే వచ్చి నిలబడ్డాడు. "ట్రయల్ చూస్తరా మేడమ్?" అని తాళం ఊపాడు. తాళమంటే నల్లటి ప్లాస్టిక్ బిళ్ల. అది జేబులో ఉంటే చాలు, మీట నొక్కితే బండి స్టార్టవుతుంది.

"చూస్తం. ముందు ఇది చెప్పు. తాళాలు ఎన్ని వచ్చినయి?"

"దో. ఒకటి సేటు పంపిండు. ఇంకోటి మరునాడు నరహరి భాయ్ తెచ్చిచ్చిండు."

నరహరి! ఆ పేరు వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతనూ నేనూ ఒకప్పుడు ఒకే ఆఫీసులో సర్వేయర్లం. ఇప్పుడు అతనూ నాలాగే సొంతంగా దర్యాప్తులు చేస్తున్నాడు. కాకపోతే రిపోర్టు ఎలా కావాలో ముందే అడిగి రాసిస్తాడు. అందుకే అతనికి ఏసీ ఆఫీసుంది, నాకు మెట్ల కింద గది ఉంది. ఆగయ్య పోయిన పొద్దున సేటు పిలిపిస్తే పోలీసులకు బదులు వచ్చి వాలింది అతనే.

"బండి చాలూల ఉండంగ తాళం తీస్కొని ఎవలన్న ఎల్లిపోతే? బంద్ ఐతదా?"

"నై నై. చాలూనే ఉంటది. మళ్లీ స్టార్ట్ చెయ్యాల్నంటేనే తాళం కావాలె."

నాకు అంతా కళ్ల ముందు కట్టినట్టు అయింది. సేటు మొదటి నుంచీ ఒకే పాట పాడుతున్నాడు. తాళం గోడౌన్‌లో లేనే లేదు, కాబట్టి బండి స్టార్టయ్యే అవకాశమే లేదు, కాబట్టి ఆగయ్య తాగే చచ్చాడు. అతను గొప్పగా చెప్పుకునే ఆ సాకే అతని మెడకు చుట్టుకుంది. తాళం లేకుండా బండి రాత్రంతా నడిచిందంటే, ఎవడో తాళంతో దాన్ని ఆన్ చేసి, ముసలాయన్ని లోపలే వదిలేసి, తాళం పట్టుకుని వెళ్లిపోయాడన్నమాట.

హారతిని షెడ్డు చివరికి తీసుకెళ్లాను. వాన మళ్లీ మొదలైంది. రేకుల మీద చప్పుడులో మా మాటలు సాయికుమార్‌కు వినబడవు.

"మీ బాపు తాగలే బిడ్డా. పొగకు పోయిండు. నిద్రలనే పోయిండు," అన్నాను.

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. చాలాసేపు భుజాలు కదిలాయి. తర్వాత చేతులు తీసి, కొంగుతో తుడుచుకుని, ఆశ్చర్యంగా చిన్నగా నవ్వింది. నెల రోజులుగా గుండె మీదున్న బరువు దిగిన నవ్వు అది.

"నేను జెప్పలే? మా బాపు తాగలే అని నేను జెప్పలే? వడోద్ల గల్లీ గల్లీ తిరిగి అందరికి జెప్తక్కా." అంతలోనే ఆమె మొహం మారిపోయింది. "తాళం ఎవలు తీస్కవోయిన్రు?"

"నరహరి చేతిల ఉండె. ఆయనకు ఎవలిచ్చిన్రో కక్కిస్త. ఆ రాత్రి తాళం ఎవలి చేతిల ఉందో వాళ్లే మీ బాపును సంపినోళ్లు. నాకింక అనుమానం లేదు."

"ఎవలైనా సరే, నేను ఇడిసిపెట్ట. నా చేతులతోని జైలుకు పంపుత."

"పంపుదాం," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! ఆ మాట నోట్లోంచి రాకముందే నా నాలుక పడిపోయినా బాగుండేది.

యార్డు గేటు దగ్గర బుల్లెట్ ఆగింది. రెయిన్‌కోటు విప్పుకుంటూ నరహరి దిగాడు. సాయికుమార్ ఫోన్ చేశాడేమో, లేక ఎప్పటిలాగే నా వెనక మనిషిని పెట్టాడేమో. తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"ఏంది స్వరాజ్యం, కారు కొనేంత ఎదిగినవా?"

"నీకు కడుపుమంటా?"

"సాయీ, ఈ బండి అమ్ముడు బంద్. సేటు వాపస్ తెమ్మన్నడు," అన్నాడు నా మాట విననట్టు.

"అరే భాయ్, గిరాకీ సామ్నే ఉండంగ..." సాయికుమార్ లబలబలాడాడు. చేతిలోని తాళం హారతికిచ్చి, "మీరు చక్కర్ కొట్టున్రి మేడమ్, నేను మాట్లాడ్త," అన్నాడు.

హారతి నా వైపు చూసింది. వెళ్లమని తల ఊపాను. నరహరితో నేను మాట్లాడాల్సిన మాటలకు ఆమె అక్కడ లేకపోవడమే మంచిది. ఆమె కారెక్కి, యార్డులో మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. నరహరి ఆ పిల్లనే చూస్తూ నిలబడ్డాడు. అతని మొహంలో రంగు పోవడం నేను గమనించాను, కానీ దొంగ దొరికిపోయినందుకే అనుకున్నాను.

"ఆమెను ఎందుకు తెచ్చినవ్ ఈడికి? అక్కల్ ఉందా నీకు?" అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"తండ్రి ఎట్ల సచ్చిండో తెలుసుకునే హక్కు ఆమెకుంది. నువ్వు ఎంతకు అమ్ముడువోయినవో గూడ తెలుస్తది. ఇంజన్ రాత్రంత నడిచింది నరహరీ. స్కానర్ల ఉంది. తాళం నీ దగ్గర ఉండె. నీకెవలిచ్చిన్రు? సేటా?"

"వాపస్ ఇచ్చెయ్ ఈ కేసు. చేతులు వట్టుకుంట."

"నా చేతులు నాకు పనికొస్తయి. రేపు పొద్దుగల్ల కమిషనర్ ఆఫీసుల కూసుంట. దొంగ సర్టిఫికెట్ రాసిన డాక్టర్ని, సారా ప్యాకెట్లు వెట్టిన నిన్ను, సేటును, అందర్ని ఒక్క తాడుకు కట్టి..."

"ప్యాకెట్లు వెట్టింది నేను గాదు," అన్నాడు.

"మరెవలు?"

"ఎల్లవ్వ."

నాకు నవ్వొచ్చింది. ఎల్లవ్వ ఆగయ్య పెళ్లాం. హారతి తల్లి. అదే గోడౌన్‌లో మిషన్ మీద నూలు కండెలు చుడుతుంది. ఆ మనిషి మొగుడి శవం పక్కన సారా ప్యాకెట్లు పెట్టిందట. అబద్ధానికైనా అంతు ఉండాలి. ఆ మాటే అతని మొహాన అనేశాను.

అతనికి కోపం రాలేదు. అది నన్ను భయపెట్టింది. ఇన్నేళ్లలో నా మాటకు నరహరికి కోపం రాకపోవడం అదే మొదటిసారి.

"పొద్దుగల్ల పనికొచ్చి షట్టర్ లేపి చూసింది ఆమెనే. సేటు నన్ను పిలిచిండు. నేను పోయేసరికి బండి పెట్రోల్ ఐపోయి ఆగి ఉంది. ఏం జరిగిందో నాకు ఎంబడే సమజైంది. నీకొక్కదానికే తెల్వి ఉందనుకోకు. తాళమేదని ఎతికినం. దొరకలే. వాచ్‌మన్ దగ్గర ఉండాల్సిన తాళం లేదు. ఎల్లవ్వ ఇంటికి పోయి వచ్చింది. కొంగుల మూటగట్టి తెచ్చింది తాళం."

"ఇంట్ల ఎట్లుంటది?"

"ఆ రాత్రి అన్నం డబ్బా తెచ్చింది ఎవలు స్వరాజ్యం?"

డబ్బా తెచ్చింది హారతి. డబ్బా ఇచ్చి వచ్చేసిన అని నాకు చెప్పింది. అంతే చెప్పింది.

"టెంపో దిగుమతికి బండిని బయట వెట్టిన్రు. వాన షురువైంది. సేటు బండి మునుగుతదని ఆగయ్య పరేషాన్ అవుతుంటే, ఈమె లోపట వెట్టింది. దోమలున్నయి, గీండ్లనే పండుకో బాపు అన్నది. మోత ఆగింది గదా, బండి బంద్ ఐందనుకున్నది. నడిపేది తాళం తిప్పే డీజిల్ వ్యాను, ఈమెకేం ఎరుక? తాళం డబ్బా సంచిల ఏసుకొని ఎల్లిపోయింది. ఎల్లిపోయేటప్పుడు ఆగయ్య లోపలికెళ్లి షట్టర్ గుంజుకున్నడు. ఇంటికి పోయి తల్లికి జెప్పింది గూడ, సేటు బండి తడవకుంట వెట్టొచ్చిన అని. తాళం ఎతుకుతుంటే గది యాదికొచ్చి, ఇంటికి పోయి సంచి దులిపితే ఎల్లవ్వకు దొరికింది."

"ఆమె నాకు చెప్పలే..." అన్నాను.

"సేటు బండిని అడగకుంట నడిపితే బాపు మీదికి మాటొస్తదని దాచుకుంది కావచ్చు. అంతకు మించి ఆమె మనసుల ఏం లేదు." నరహరి చేతులు తుడుచుకున్నాడు. "ఎల్లవ్వ నా కాళ్ల మీద వడ్డది. 'ఆయన ఎట్లైన వోయిండు. పిల్ల బతకాలె. తాగి సచ్చిండందాం సారూ, తాగుబోతు అంటే అందరు నమ్ముతరు, ఇంకేం అడగరు' అన్నది. గల్లీ ఎనకకు తనే వోయి ప్యాకెట్లు కొనుక్కొచ్చింది. సేటుకు ఇంకేం కావాలె? సంబురంగ ఒప్పుకున్నడు. నేను గూడ పైసలు తీస్కున్న, లేదంట లేను. కాని ఈ ఒక్క రిపోర్టు పైసల కోసం రాయలే."

కాసేపటి కిందట షెడ్డు చివర హారతితో నేనేమన్నానో గుర్తొచ్చింది. మనిషిని చంపినంత పని చేశాను.

"నాకు ముందే చెప్తే ఏం వోయేది నీకు?" అన్నాను. అది తిట్టు కాదు, ఏడుపు.

"చెప్తే నమ్ముదువా?"

నమ్మేదాన్ని కాదు. "సరే," అన్నాను. "దోషం బ్యాటరీది. సేటు సెడిపోయిన బండి పెట్టుకున్నడు. ఆమెకు అదే చెప్త. తాళం మాట ఎత్తనే ఎత్త."

"అవును, ఎత్తకు."

హారతి ఒక చుట్టు తిరిగి వచ్చి కారును మా ఎదురుగా, షెడ్డు అంచున ఆపింది. ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. తలుపు తీసుకుని, తాళం గుప్పిట్లో పట్టుకుని దిగింది. నరహరిని ఉరిమి చూస్తూ మా వైపు నాలుగడుగులు వేసింది.

వెనక నుంచి కారు కూయడం మొదలుపెట్టింది. సన్నటి, గుచ్చుకునే కూత. ఆగి ఆగి కూసింది.

"మేడమ్, బంద్ చెయ్యలేదు మీరు! గాడీ చాలూ ఛే!" సాయికుమార్ అరిచాడు. "తాళం తీస్కొని దిగిన్రు గదా, అందుకే కూస్తుంది!"

"చాలూ ఏంది? చప్పుడే లేదు గదా," అంది హారతి విసుగ్గా.

"చప్పుడు లేకున్నా చాలూనే ఉంటది మేడమ్. మీట నొక్కితేనే బంద్."

హారతి వెనక్కి తిరిగి కారును చూసింది. నేను గబగబా ఆమె దగ్గరికి నడిచాను. ఏదో ఒకటి మాట్లాడాలి, ఆ పిల్ల మనసు మళ్లించాలి. "పోదాం పా బిడ్డా, లేటైతుంది," అని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది. అప్పుడే, ఎవరూ ముట్టుకోకుండా, కారు ఇంజన్ దానంతట అదే లేచింది.

హారతి కదల్లేదు.

"ఆ రాత్రి గూడ గిట్లనే కూసింది," అంది మెల్లగా. "వానల నేను ఉరుకుతున్న. తలుపు సరిగ వడలేదేమో అనుకున్న. బాపుకు ఇనవడదు గదా, అందుకే ఏమనలే."

"హారతీ..."

"తాళం యాడ వెట్టిన్నక్కా నేను?"

నేను నరహరి వైపు చూశాను. అతను నేల వైపు చూస్తున్నాడు. మా ఇద్దరి మొహాలు చూసిన హారతి ఇంక మమ్మల్ని ఏమీ అడగలేదు. చెయ్యి విడిపించుకుని ఫోన్ తీసింది. ఆపుదామని నా చెయ్యి లేచింది కానీ, ఏ హక్కుతో ఆపాలి?

అవతల ఎల్లవ్వ ఎత్తింది. ఫోన్లోంచి కండెల మిషన్ మోత మాకందరికీ వినబడింది.

"అవ్వా, సేటు బండి తాళం నా డబ్బా సంచిల దొరికిందానే?"

కాసేపటికి మిషన్ మోత ఆగిపోయింది. ఫోన్ మాత్రం ఆమె పెట్టేయలేదు. ఊపిరి వినబడుతూనే ఉంది.

హారతి తడి నేల మీద అలాగే కూర్చుండిపోయింది.

"నన్ను అనకుంట, బాపు తాగిండని ఎందుకన్నవే అవ్వా?" అంది.